ఇండియనోలాలో గడప గడపకీ: నేను జనాభా లెక్క రాసిన రోజులు

మా ఊరి జనాభా 9,646. ఇది 2020 లెక్క. అంతకు పదేళ్ల ముందు 10,683. పదేళ్లలో 1,037 మంది తగ్గారు. వేసవి చివర మొదలై అక్టోబరు సగం దాకా ఆ లెక్క కోసం ఇంటింటికీ తిరిగినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఆ అంకె ఎక్కడ చూసినా నాకు ఎండలో తిరిగిన వీధులూ, మూసి ఉన్న తలుపులూ గుర్తొస్తాయి.

ఊరి పేరు ఇండియనోలా. అమెరికాలో మిసిసిపి రాష్ట్రం, సన్‌ఫ్లవర్ కౌంటీ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. పేరులో ఇండియా వినిపిస్తుంది కానీ మనకీ దానికీ చుట్టరికం లేదు. ఊరి మధ్యలో ఉన్న వాగు పేరు ఇండియన్ బయూ. అది పారుతోందో నిలిచి ఉందో గంటసేపు చూసినా తెలీదు. నీళ్లలోనే మొదళ్లు లావెక్కి సైప్రస్ చెట్లు నిలబడి ఉంటాయి.

మేం ఇక్కడికి 2003లో వచ్చాం. మావారు డాక్టరు. జె-1 వీసా మీద ఇక్కడ ట్రైనింగ్ చేసిన విదేశీ డాక్టర్లు అది అవగానే రెండేళ్లు సొంత దేశానికి వెళ్లిపోవాలి. డాక్టర్లు దొరకని ఊళ్లో మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు మాఫీ అవుతుంది. అలా ఎంతోమంది తెలుగు డాక్టర్లు మీరెప్పుడూ పేరు వినని ఊళ్లలో కాపురం పెట్టారు. మూడేళ్లే కదా అని మేమూ వచ్చాం. పాపకి అప్పుడు రెండేళ్లు. తను కాలేజీకి వెళ్లిపోయింది, మేం ఇక్కడే ఉండిపోయాం.

నన్ను ఇక్కడ నిలబెట్టింది నేల. మాది దివిసీమ. చిన్నప్పటి నుంచీ ఎటు చూసినా చదునైన పొలాలే. ఇక్కడ హైవే 82 మీద మొదటిసారి కారులో వస్తుంటే ఎక్కడా చిన్న గుట్ట కూడా లేదు, ఆకాశం నేల దాకా దిగింది. దీన్నీ డెల్టా అనే అంటారు. నిజానికి మిసిసిపి నది సముద్రంలో కలిసేది ఇక్కడ కాదు, ఎక్కడో దిగువన లూసియానాలో. ఇది మిసిసిపికీ యాజూ నదికీ మధ్య, మెంఫిస్ నుంచి విక్స్‌బర్గ్ దాకా దాదాపు 200 మైళ్లు పరుచుకున్న వరద మైదానం. వేల ఏళ్లుగా నది పొంగి పొంగి పోసిన ఒండ్రు. సముద్రమట్టానికి మా ఊరు 40 మీటర్ల ఎత్తు కూడా ఉండదు. వాన పడితే మట్టి చెప్పులకి అంటుకుని వదలదు, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అచ్చం మా రేగడే. పత్తి, సోయా, మొక్కజొన్న, వరి. వాటి మధ్య కట్టలు పోసిన చేపల చెరువులు. వాటిలో పెంచేది క్యాట్‌ఫిష్, మన జెల్ల జాతి. ఆ చెరువుల మీద కొంగల్ని చూస్తే కైకలూరు దాటుతున్నట్టే ఉంటుంది నాకు.

మాకు 1977 ఉప్పెన ఎలాగో వీళ్లకి 1927 వరద అలాగ. ఏప్రిల్ 21న మౌండ్స్ లాండింగ్ అనే చోట మిసిసిపి కరకట్ట తెగింది. ముసలివాళ్లు వాళ్ల అమ్మానాన్నల నోట విన్న కథలు ఇప్పటికీ చెబుతారు.

ఇంత సారమున్న నేల మీద మనుషులెందుకు తగ్గిపోతున్నారో కొత్తలో నాకు అర్థమయ్యేది కాదు. 1930లో సన్‌ఫ్లవర్ కౌంటీ జనాభా 66 వేల పైచిలుకు, 2020లో 25,971. మధ్యలో జరిగింది పెద్ద కథ. పత్తి ఏరడానికి వేల చేతులు కావాల్సిన రోజుల్లో ఆ చేతులు నల్లజాతివాళ్లవి. బానిసత్వం పోయాక కూడా పాలుకి చేస్తూ, దొర కొట్లో అప్పు తీరక, అదే పొలంలో ఉండిపోయినవాళ్లు. 1944లో ఇక్కడికి ఉత్తరాన క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ ఎస్టేటులో పత్తి ఏరే యంత్రాలు దిగాయి. ఆ తర్వాత ఒక్కో యంత్రం పదుల మంది పని చేసేసేది. అవమానాలు పడలేక అంతకుముందే మొదలైన వలస అప్పటి నుంచి మరీ జోరందుకుంది. రైలెక్కి షికాగో, డెట్రాయిట్, సెయింట్ లూయిస్. ఇప్పటికీ ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా షికాగోలో ఒక పిన్నో బాబాయో ఉంటారు. పాలమూరు వాళ్లకి బొంబాయి ఎలాగో వీళ్లకి షికాగో అలాగ.

నాకు జనాభా లెక్కల మీద ఇష్టం నాన్న వల్ల. ఆయన టీచరు. 1981 లెక్కల కోసం అంతకు ముందు ఏడాది ఇళ్లకి నంబర్లు వేసేటప్పుడు జేగురు డబ్బా పట్టుకుని వెనకాల తిరిగింది నేనే. నాకప్పుడు ఏడేళ్లు. ఉప్పెన వచ్చి ఇంకా మూడేళ్లు కూడా కాలేదు. కొన్నిచోట్ల అరుగే మిగిలింది, ఇల్లు లేదు. "తలుపు లేని ఇంటికి నంబరు ఎక్కడ వేస్తాం నాన్నా?" అని అడిగాను. ఆయన ఏమీ అనలేదు. నా చేతిలో కుంచె తీసుకుని పక్కింటికి నడిచారు.

2020 జనవరిలో గ్రంథాలయం గోడ మీద సెన్సస్ పనికి మనుషులు కావాలన్న కాగితం చూశాను. నాకు 2014లోనే పౌరసత్వం వచ్చింది కాబట్టి దరఖాస్తు పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో పెట్టాను, వేలిముద్రలు తీసుకున్నారు. ఇంతలో కరోనా. మే నెలలో మొదలవ్వాల్సిన ఇంటింటి పని ఆగస్టుకి వాయిదా పడింది. ట్రైనింగ్ చాలావరకు ఇంట్లో కూర్చుని కంప్యూటర్ మీదే అయింది. ఒక ఐఫోన్, మెడలో వేసుకునే బ్యాడ్జి, నల్ల సంచి, మాస్కులు ఇచ్చారు. చెయ్యెత్తి ప్రమాణం చేయించారు.

ఆ ప్రమాణం గురించి చెప్పాలి. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏం చెప్పారు అన్నది బయటపెడితే అయిదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. ఉద్యోగం అయిపోయినా ఆ మాట బతికున్నంతకాలం నన్ను పట్టి ఉంచుతుంది. మనుషుల పేర్లున్న కాగితాలు 72 ఏళ్ల దాకా తెరవరు. అందుకే ఇక్కడ నేను గడపకి ఇవతల సంగతులే రాస్తున్నాను. ఏ వీధి, ఏ ఇల్లు అన్నది రాయను.

ముందుగా చెప్పుకోవాల్సింది మా సొంత ఇంటి లెక్క. ఏప్రిల్ 1న ఎవరెక్కడ ఉంటున్నారన్నదే సెన్సస్‌కి కొలమానం. మా అమ్మాయి అప్పుడు స్టార్క్‌విల్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. కరోనాకి కాలేజీ మూసేస్తే మార్చిలోనే ఇంటికొచ్చేసింది. ఏప్రిల్ 1న నా ఎదురుగా కూర్చుని పప్పన్నం తింటోంది. కానీ మామూలుగా హాస్టల్లో ఉండేవాళ్లని కాలేజీ ఊళ్లోనే లెక్కించాలని రూలు. ముగ్గురికి వండి, ఇండియనోలాలో ఇద్దరమే అని రాశాను. ఊరు ఖాళీ అవడమంటే ఏమిటో అప్పటిదాకా నేను పుస్తకంలో విషయంగానే చూశాను. ఆ రోజు మా బల్ల దగ్గర చూశాను.

పని మొదలైంది. తమంతట తాము ఫారం నింపని ఇళ్లకే మేం వెళ్లాలి. రోజూ ఆ రోజు తిరగాల్సిన ఇళ్లు, ఏది ముందు ఏది వెనక అన్నది ఫోనే చెబుతుంది. సాయంత్రాలు, శనాదివారాలు ఎక్కువ. ఆగస్టులో మధ్యాహ్నం నాలుగింటికి కూడా తారు రోడ్డు మెత్తబడి ఉండేది. మాస్కు లోపల చెమట, చెవుల దగ్గర దోమలు. కుక్క ఉన్న ఇంటి ముందు గేటు చప్పుడు చేసి కాసేపు ఆగడం రెండో రోజుకే నేర్చుకున్నాను.

ఊరి లోపల ఇళ్లు పట్టుకోవడం తేలిక. రైలు పట్టాలకి ఇటొక ఊరు, అటొక ఊరు అన్నట్టుండేది ఒకప్పుడు, తెల్లవాళ్లొక వైపు నల్లవాళ్లొక వైపు. 1930లలో జాన్ డాలర్డ్, హార్టెన్స్ పౌడర్‌మేకర్ అనే ఇద్దరు పరిశోధకులు వేర్వేరుగా వచ్చి ఇక్కడ ఉండి, ఊరికి మారుపేర్లు పెట్టి పుస్తకాలు రాశారు. డాలర్డ్ ఇక్కడి పద్ధతికి వాడిన మాట ఏమిటో తెలుసా? కులం. అది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా ఊళ్లోనూ నాన్నతో వెళ్తే ఆఖరి రోజు మిగిలేది ఊరి చివరి పేటే.

అసలు కష్టం పొలాల్లో ఇళ్లతో. ఉత్తరాలు పోస్టాఫీసు పెట్టెకే తెప్పించుకునేవాళ్లు ఇక్కడ చాలామంది. సెన్సస్ కాగితం పోస్టు పెట్టెకి రాదు, ఇంటి చిరునామాకే వస్తుంది. అందుకని అలాంటి చోట్ల మనిషే వెళ్లి గుమ్మం దగ్గర కాగితం పెట్టి రావాలి. ఆ పనీ కరోనా వల్ల ఆలస్యమైంది. పేరులేని మట్టిరోడ్డు, దాని చివర ఒక ట్రైలర్ ఇల్లు, దాని వెనక చెట్ల మాటున ఇంకొకటి. రెండింటికీ ఒకటే ఉత్తరాల డబ్బా. ఫోన్లో మ్యాపు మీద చుక్క సోయా చేను మధ్యలో ఉంటుంది. చేలోకి దిగి చూస్తే ఏమీ ఉండదు. అలాంటప్పుడు నాన్న చేత్తో గీసే నక్షా గుర్తొచ్చేది. రావిచెట్టు, రామాలయం, కాలవ గట్టు, వాటి మధ్యలో చిన్న చిన్న గడులు. ఆయన ఒక్క ఇల్లూ వదలకపోవడానికి కారణం ఊరంతా ఆయనకి తెలిసి ఉండటమే.

ఇక్కడ ఊరంతా నాకు తెలీదు. కానీ మావారిని ఊరికి తెలుసు. మాస్కులో ఉన్నా నా కళ్లు, నా యాస చూసి "డాక్టరుగారి ఇల్లాలివి కదూ" అనేవాళ్లు. తలుపు తీయడానికి అది పనికొచ్చేది. కానీ నాకది కొంచెం ఇబ్బందిగానే ఉండేది. వైద్యం వేరు, ప్రభుత్వం లెక్క వేరు. ఆ రెండూ కలిపి చూడొద్దని ప్రతి చోటా ముందే చెప్పేదాన్ని.

జనం ఎందుకు తలుపు తీయరు అన్నదానికి కొత్తగా వచ్చినవాళ్లు బద్ధకం అంటారు. నేను ఒప్పుకోను. ఈ ఊళ్లో ప్రభుత్వ గుమస్తాకి పేరు చెప్పడమంటే ఏమిటో తెలియాలంటే కౌంటీ కోర్టు దగ్గర కాసేపు నిలబడాలి. 1962 ఆగస్టు 31న ఫానీ లూ హేమర్ అనే పొలం పనిచేసుకునే ఆవిడ, మరో పదిహేడు మంది రూల్‌విల్ నుంచి బస్సులో ఇక్కడికొచ్చారు, ఓటరుగా పేరు రాయించుకోవడానికి. పరీక్ష పెట్టి వెనక్కి పంపారు. ఆ రాత్రికే ఆవిడని పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న ఎస్టేటు నుంచి వెళ్లగొట్టారు. ఆ ఏడాది మిసిసిపిలో వచ్చిన చట్టం ప్రకారం ఓటుకి దరఖాస్తు పెట్టినవాళ్ల పేర్లు రెండు వారాలు పేపర్లో వేసేవాళ్లు. ఎవరు పెట్టారో యజమానికి తెలియాలి కదా. స్కూళ్లలో తెల్ల పిల్లల్నీ నల్ల పిల్లల్నీ కలపకుండా అడ్డుకోవడానికి పుట్టిన వైట్ సిటిజన్స్ కౌన్సిల్ మొట్టమొదట 1954లో ఏర్పడింది కూడా ఈ ఊళ్లోనే. అవన్నీ చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల పిల్లలు ఉన్నారు. నా మెడలో బ్యాడ్జి చూసి వాళ్లు ఒక్క క్షణం ఆగితే తప్పు వాళ్లది కాదు.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "అమ్మాయ్, ముందు మంచినీళ్లు అడుగు, తర్వాత పేర్లు అడుగు" అన్నారు. కరోనా రోజుల్లో మంచినీళ్లు ఎలా అడుగుతాను? ఆరడుగుల దూరంలో మెట్ల కింద నిలబడాలి. అప్పుడు నన్ను ఆదుకున్నది బెండకాయ. ఇక్కడ పెరట్లో బెండ మొక్క లేని ఇల్లు తక్కువ. మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయిస్తారు, పులుసులో వేస్తారు. ఒక సాయంత్రం ఒక పెద్దావిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఒళ్లో గిన్నె పెట్టుకుని బెండకాయలు కోస్తోంది. నన్ను చూసి కత్తి ఆపింది. నేను సెన్సస్ మాట ఎత్తకుండా "ముదిరినవి ఎలా కనిపెడతారు మ్యామ్?" అన్నాను. ఆవిడ ఒక కాయ తీసి కొస విరిచి చూపించింది. టక్కున విరిగితే లేత, వంగితే ముదురు. మా అమ్మ చూసేదీ అలాగే. ఆ మాట చెప్పాను. "బేబీ, మీ దేశంలోనూ బెండకాయ ఉందా?" అని ఆవిడ నవ్వింది. ఆఫ్రికా నుంచి వీళ్ల ముత్తవ్వలతో వచ్చిన పంట అది. అంతవరకే చెప్పగలను, తర్వాత మాట్లాడుకున్నది ప్రమాణం కిందికొస్తుంది. వచ్చేటప్పుడు మెట్ల మీద కాగితం సంచిలో గుప్పెడు బెండకాయలు పెట్టి లోపలికి వెళ్లింది. ఏమీ తీసుకోకూడదని చెప్పి అక్కడే ఉంచి వచ్చాను. ఆ బెంగ మాత్రం చాలా రోజులు ఉంది.

ఎవరూ లేని ఇళ్లు కూడా మా లిస్టులో ఉంటాయి. ఇల్లు ఖాళీ అని రాయడానికి కూడా మనిషి వెళ్లి చూసి, పక్కవాళ్లని అడిగి, తేల్చుకోవాలి. మనుషులున్నారో లేదో తెలియని ఇంటికి గరిష్ఠంగా ఆరుసార్లు వెళ్లొచ్చు. కిటికీకి కొట్టిన ప్లైవుడ్ చెక్క, మెట్ల దాకా పాకిన తీగ, పాత కాగితాలతో నిండిన ఉత్తరాల డబ్బా. అలాంటివి రోజూ కనబడేవి. సెప్టెంబరులో పత్తికి ఆకు రాల్చే మందు విమానంతో కొట్టారు, ఊరంతా ఆ ఘాటు. తర్వాత వారానికి పొలాలు తెల్లబడ్డాయి. లారీల నుంచి రాలిన దూది రోడ్ల అంచుల వెంట మంచులా పేరుకుంది.

ఆ రోజుల్లోనే ఒకచోట ఫోన్ చూపించిన చుక్క దగ్గరికి వెళ్తే ఇల్లు లేదు. మూడు సిమెంటు మెట్లు ఉన్నాయి. వాటి పైన ఏమీ లేదు, చేను. పక్కన ఒక పెకాన్ చెట్టు. మెట్ల మీద నిలబడి ఫోన్లో ఏది నొక్కాలో చూసుకున్నాను. ఇల్లు కూల్చేశారు అన్నదానికి ఒక ఆప్షన్ ఉంది. నొక్కాను. లిస్టులోంచి పోయింది. దివిసీమలో నాన్న నాకెందుకు జవాబు చెప్పలేదో అప్పుడు అర్థమైంది.

గడువుతో మాకు పెద్ద టెన్షన్. కరోనా వచ్చాక అక్టోబరు 31 అన్నారు. ఆగస్టులో దాన్ని సెప్టెంబరు 30కి కుదించారు. కోర్టులో కేసు, మళ్లీ పొడిగింపు. చివరికి అక్టోబరు 13న సుప్రీంకోర్టు ఉత్తర్వు, 15తో ఆఖరు. ఆ మధ్యలో 9వ తేదీ లూసియానాలో ఒక తుఫాను తీరం దాటింది. దాని పేరు డెల్టా. మర్నాడు దాని వాన మా డెల్టా మీద పడింది. ఆ రోజు ఎక్కడికీ కదలలేకపోయాను. కిటికీ దగ్గర కూర్చుని ఇంకా తలుపు తీయని ఇళ్లు లెక్కపెట్టుకున్నాను. చివరి నాలుగు రోజుల్లో పొద్దున్నా సాయంత్రమూ తిరిగాను. ఒక ఇంటికి ఆరోసారి వెళ్లాను. లోపల టీవీ వెలుగు కనబడుతోంది. మెల్లగా తలుపు తట్టి, కాగితం గుమ్మానికి దోపి, మెట్ల కింద కాసేపు నిలబడి వచ్చేశాను. ఫోను, బ్యాడ్జి తిరిగి ఇచ్చేశాను.

2021 ఏప్రిల్‌లో రాష్ట్రాల లెక్కలు వచ్చాయి. పదేళ్లలో జనం తగ్గిన రాష్ట్రాలు దేశం మొత్తంలో మూడే, అందులో మిసిసిపి ఒకటి. ఆగస్టు 12న ఊళ్ల లెక్కలు వచ్చాయి. ఆ రాత్రే నాన్నకి ఫోన్ చేసి 9,646 అని చెప్పాను. ఆయన మళ్లీ చెప్పమని అడిగి రాసుకున్నారు.

2022 మేలో సెన్సస్ వాళ్లే మరో సర్వేతో సరిచూసుకుని చెప్పిన మాట ఇంకా బరువైనది. మిసిసిపిలో నూటికి నలుగురికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 4.11 శాతం మంది, లెక్కలోకి రాలేదు. దేశం మొత్తం మీద చూసినా నల్లజాతివాళ్లూ, అయిదేళ్లలోపు పిల్లలూ ఎక్కువగా తప్పిపోయారు. మా ఊళ్లో దాదాపు అయిదుగురిలో నలుగురు నల్లజాతివాళ్లే. క్లినిక్‌కి వచ్చే డబ్బు, స్కూలు భోజనం, రోడ్డు మరమ్మతు, అన్నీ ఆ అంకెని చూసే వస్తాయి. జనం తగ్గిపోయారని రాస్తే డబ్బు తగ్గుతుంది, డబ్బు తగ్గితే ఇంకొంతమంది వెళ్లిపోతారు. ఊరు తగ్గింది నిజమే. కానీ కాగితం చెప్పినంత తగ్గలేదని నా నమ్మకం. టీవీ వెలుగు నేను కళ్లారా చూశాను.

సాయంత్రం నడకకి ఇప్పటికీ బయూ పక్కనుంచి వెళ్లి, బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ పేరు మీదున్న మ్యూజియం దాకా వస్తాను. ఆయన కుర్రాడిగా పనిచేసిన పాత పత్తి జిన్నింగ్ మిల్లు ఇటుకల గోడల్ని అందులో కలిపి కట్టారు. ఆయన సమాధీ అక్కడే. షికాగో నుంచి వచ్చిన కుటుంబాలు ఫొటోలు తీసుకుంటూ కనబడతాయి. ఎక్కడివాళ్లని అడిగితే ముందు షికాగో అంటారు, తర్వాత "మా నానమ్మది ఈ ఊరే" అంటారు.

2023 ఫిబ్రవరిలో ఒకరోజు పనిమీద ఆ మెట్లున్న వైపు వెళ్లాను. చేను దున్ని నల్లగా ఉంది. మెట్లు అలాగే ఉన్నాయి. మెట్ల ముందు నుంచి రోడ్డు దాకా పసుప్పచ్చటి డాఫోడిల్ పూలు రెండు వరుసల్లో పూసి ఉన్నాయి. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి ఉంది.